అప్పకిచ్చిన పైపు

నా దగ్గర వందకు పైగా పొగాకు పైపులున్నాయని మల్కాపురంలో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పేది వాళ్లే గాని వాళ్లతో చెప్పించింది నేను. నిజానికి పద్నాలుగు. అందులో రెండింటికి గొట్టం లేదు, ఒకటి పగిలింది. గ్రీకు కెప్టెన్ ఓడ దిగి, భుజం తట్టి మరీ ఇచ్చాడని చెప్పుకునే నల్ల పైపు పాత ఓడల సామాను అమ్మే కొట్లో, తుప్పు తాళాల బుట్ట అడుగున దొరికింది. పోర్టులో క్రేను నడిపినన్నాళ్లూ నా చేతికి పైపిచ్చిన ఓడమనిషి ఒక్కడే, ఫిలిప్పీన్స్ వంటవాడు. వాడూ ఊరికే ఇవ్వలేదు. సంచెడు పచ్చి మామిడికాయలు పుచ్చుకుని ఇచ్చాడు.

అయితే వాటిని చూసుకోవడం గురించి నేను చెప్పేది మాత్రం గొప్పలు కాదు, నిజం. మా ఊరి ఉప్పుగాలికి వాడని పైపు బూజు పడుతుంది. తాగాక చల్లారేదాకా గొట్టం లాగకూడదు, వేడి మీద లాగితే కర్ర చీలుతుంది. చల్లారాక కోడీక దూర్చి మెల్లగా తిప్పితే తారులాంటి జిగురు వస్తుంది. పొగాకు కూరే గిన్నె లోపల పేరుకున్న మసిని రూపాయి బిళ్ల మందాన వదిలి, మిగిలింది గీకెయ్యాలి. అసలు మసే లేకపోతే కర్ర కాలుతుంది, మరీ ఎక్కువైతే గిన్నె పగులుతుంది. ఈ సంగతులు కుదురుగా వినే మనిషి నాకు దొరకలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ పైపుల పెట్టెను వసారా దాటి లోపలికి రానివ్వలేదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పనికి ఇదే సగం కారణం.

మా అక్కను నేను అప్ప అనే పిలుస్తాను. ఒడ్డున మేం పుట్టిన పేటలోనే ఉంటుంది. కొడుకులు సముద్రం మీదికి వేటకెళ్తారు, తను ఇప్పటికీ చేపలు ఎండేస్తుంది. పేటలో ఆ వయసు ఆడవాళ్లందరిలాగే చుట్టను అడ్డపొగ తాగుతుంది. అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తుంది. నిప్పు లోపలే, పొగ లోపలే. సముద్రపు గాలికి చుట్ట ఆరదు, తట్టలో చేపల మీద నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ని, నాకందులో వింతేమీ కనబడలేదు.

ఆమధ్య పన్ను నొప్పంటే ద్వారకా నగర్లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. అప్ప నోట్లో లైటు వేసి చూసి, పన్ను సంగతి వదిలేసింది.

"అంగిలంతా తెల్లగా కట్టేసింది. మధ్యలో పుండుంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించాలి. పెద్దాసుపత్రికి రాసిస్తాను, తప్పకుండా తీసుకెళ్లండి. ఈ లోపల చుట్ట ముట్టకూడదు. చుట్టే కాదు, ఏ పొగా వద్దు" అని, నా చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న పైపు వంక చూసి, "మీరూనూ" అంది.

అప్ప అవతల నోరు పుక్కిలించి ఉమ్ముతోంది.

కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడినప్పుడు అడిగింది. "ఏటందిరా ఆ పిల్ల?"

"ముక్క తీసి సూడాలంట. సుట్ట మానీమంటంది."

"మానీసి ఏటి సెయ్యాలి? తెల్లారి లెగిస్తే నాకున్నది అదొక్కటే కదా."

నేనప్పుడు నోరు మూసుకోవాల్సింది. "పైపు తాగొచ్చంట అప్పా. నిప్పు బయటుంటాది కదా, అంగిలి కాలదంట" అన్నాను. అక్కడితో ఆగానా అంటే, లేదు. ఫారిన్లో డాక్టర్లే మందుచీటీ మీద పైపు రాసిస్తారంట అని కూడా కలిపాను. అప్ప మొహం చూడలేక అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం. నా పైపుల గురించి వినే మనిషి ఇన్నేళ్లకు దొరుకుతుందన్న ఆశ మిగతా సగం.

మంచి పైపే ఇచ్చాను, వంటవాడిచ్చింది. మొదట్లో అప్ప దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏటిరా ఇది, నిప్పు ఒక ఊర్లో పెట్టి పొగ ఇంకో ఊర్లో తాగడం" అంది. కొలిమి ఊదినట్టు లాగింది, గిన్నె చుర్రుమంది. "మెల్లగా అప్పా, పాలు తాగే పిల్లలాగ" అంటే, "పళ్లూడిపోయేక మళ్లీ పాలు తాగమంటన్నావు" అంది. అయినా నేర్చుకుంది. కోడీక తిప్పడం నాకన్నా నాజూగ్గా చేసేది. పేటలో ఆడవాళ్లు "ఏటే దొరసానీ" అని పిలుస్తుంటే లోలోపల మురిసిపోయేది. ఇద్దరం తిరగేసిన తెప్ప నీడన కూర్చుని పైపులు వెలిగించుకుంటే, నిజం చెప్పొద్దూ, నాకు చాలా బాగుండేది. పుండు మాట ఎత్తాలనిపించేది కాదు.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. నేను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్తే అప్ప చేపలు తిరగేస్తోంది.

"నాను రాను. కోతెందుకురా ఇంక? డాకటరమ్మ సెప్పిన పైపే తాగతన్నాను కదా. అదే మానిపోద్ది."

నిజం చెబితే నా అబద్ధం బయటపడుతుంది. ఎండ ఎక్కువగా ఉందిలే, ఇంకో రోజు వెళ్దాం అని నేనే అన్నాను. గంజి కూడా మింగుతుంటే మంటగా ఉందని అప్ప కోడలు ఫోన్లో చెప్పేదాకా, ఆ ఎండనే సాకుగా పట్టుకుని రోజులు నెట్టాను.

ఫోను పెట్టేసి, చెప్పకుండా బయల్దేరాను. అప్ప తెప్ప నీడనే ఉంది. పైపు ఒళ్లో ఉంది, చల్లగా. రెండు చేతులతో చేపలు ఏరుతోంది. పెదాల మధ్య చుట్ట మొదలు కొంచెమే కనబడుతోంది. నన్ను చూసి చుట్ట తీసి ఇసకలో గుచ్చేసి, పైపు నోట్లో పెట్టుకుంది. తిరగేసి పెట్టుకుంది, గిన్నె కిందికి.

"ఆరిపోయిన పైపు తాగతన్నావేటి అప్పా?"

"నువ్వొత్తే పైపు, నువ్వెల్తే సుట్ట" అంది, ఏ తడబాటూ లేకుండా. "ఎచ్చదనం నేదురా దీంట్లో."

పక్కన ఇసకలో కూలబడ్డాను. డాక్టరమ్మ పైపు మాట అననే లేదని, అంతా నేను కల్పించిందేనని, ఏ పొగా వద్దందని, ముక్క తీసి తీరాలందని చెప్పేశాను. చెబుతున్నంతసేపూ అప్ప చేపలు ఏరుతూనే ఉంది.

"నాకు తెల్దేటి?" అంది చివరికి. "ఉమ్మతన్నాను గాని సెవుడా నాకు? ఆ పిల్ల అన్న పెతి మాటా ఇన్నాను."

"మరెందుకు ఊరుకున్నావు?"

"నువ్వు సెప్పింది బాగుంది కదా, అందుకు." తర్వాత చెయ్యి ఆపి అంది, "మన పెద్దత్తకి అంగిలి తీసీసేరు, గుర్తుందా? నీళ్లు తాగితే ముక్కులోంచి వొచ్చీవి. ఏటి సెప్పినా ఎవులికీ తెలిసీది కాదు. నాను మాటాడకుండా ఉండగలనేట్రా?"

నాకు గుర్తుంది. చిన్నప్పుడు ఆవిడ మాటను మేం వెక్కిరించేవాళ్లం.

"ముందే సూపించుకుంటే ముక్కతో పోద్ది. సూపించుకోపోతేనే అలగవుద్ది" అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. అందరికీ అలా పోతుందని డాక్టరమ్మ నాతో చెప్పలేదు. కాని అప్ప లేచి, చేతులు కడుక్కుని, చీర మార్చుకోవడానికి లోపలికెళ్లింది.

ముక్క తీశారు. అప్ప నోట్లో దూదితో బయటికొచ్చి, మాట రాక, చేత్తోనే నా జేబులోని పైపు ఇమ్మని చూపించింది, నేనివ్వలేదు. ఇంటికెళ్లాక తన దగ్గరున్న పైపు కూడా లాక్కున్నాను, శుభ్రం చేసి ఇస్తానని.

పైపు లోపలి చేదు విరగాలంటే గిన్నె నిండా కల్లుప్పు పోసి, అది తడిసేదాకా రమ్ము వేసి, ఒక రాత్రి ఉంచాలి. ఉప్పు నల్లబడుతుంది, దులిపేస్తే పైపు కొత్తదవుతుంది. అప్ప పైపు నా కిటికీలో ఉప్పుతో అలాగే ఉంది. రోజూ ఫోన్ చేసి అడుగుతుంది, నేను ఇంకా నానుతోందంటాను. నా పైపులు పెట్టెలో పెట్టి తాళం వేశాను అని రాద్దామనుకున్నాను. తాళం వేసిన మాట నిజమే. తాళంచెవి జేబులోనే ఉంది, నిన్న ఒకసారి తీశాను కూడా.

పొద్దున్న మళ్లీ ఫోన్ చేసింది. దూది లేకపోయినా మాట ఇంకా ముద్దగానే ఉంది.

"నాననీరా, నీ పైపు నాకొద్దు. సోమారం ఆ ముక్క పరీచ్చ కాయితం ఇత్తారంట. నువ్వే రావాల. మా కోడలు సదివితే నాకు దాసిపెట్టీద్ది."

"వొత్తాను అప్పా."

"వొచ్చి రాసింది రాసినట్టు సదువు. ఒక్క ముక్క కలపకు, ఒక్క ముక్క దాసకు. ఇన్నావా?"

విన్నానన్నాను. నమ్మలేదేమో, నా చేత మళ్లీ అనిపించింది.