ఆరో పేజీలో ఏమీ లేదు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక అబద్ధం. పెద్దదేమీ కాదు. పేపరు ఆఫీసుల్లో అలాంటివి పొద్దున పుట్టి సాయంత్రానికి చస్తాయి. ఇది చావలేదు. దీన్ని ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నాకు తెలియదు.

పేరు చెప్పను. మా ఊళ్ళో ముసలి విలేకరులకు శాలువాలు కప్పే అలవాటు ఒకటుంది. నాకూ కప్పారు. "నిజం తప్ప రాయని కలం" అని ఒకాయన మైకులో అన్నాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

ఎనభైల మొదటి రోజులు. రాజమండ్రిలో ఒక దినపత్రికలో పని. గోదావరి నీటిమట్టం, మునిసిపల్ సభ్యుల కేకలు, పెద్దాపురం జాతర. వాటితోపాటు ఆదివారం అనుబంధంలో ఇంటి సంగతుల శీర్షిక కూడా నా మెడకే చుట్టారు. ఆవకాయకు బూజు పట్టకుండా ఏం చేయాలి, పట్టుచీరె మీద నూనె మరక ఎలా పోతుంది. కింద సంతకం "ఒక గృహిణి" అని. మీసాలున్న గృహిణిని నేనే. ఆడవాళ్ళు ఆ గృహిణికి ఉత్తరాలు రాసేవారు. వాటిని మేం గట్టిగా చదువుకుని నవ్వుకునేవాళ్ళం.

అప్పట్లో డబ్బున్నవాళ్ళకు ఆల్సేషియన్ పిచ్చి పట్టింది. హోల్‌సేల్ కొట్ల షావుకార్లు, భీమవరం వైపు భూస్వాములు, కొత్తగా మేడ కట్టిన కాంట్రాక్టర్లు. గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అన్న పలక తగిలించడం కోసమే కుక్కను కొన్న పెద్దమనిషి ఒకడు నాకు బాగా తెలుసు. ఆ కుక్క పూటపూటా పెరుగన్నం తిని, వచ్చినవాళ్ళందరి కాళ్ళూ నాకి, మళ్ళీ పడుకునేది. ఇంత ఆర్భాటం చేసి తెచ్చాక దాన్ని ఇంట్లో ఎక్కడ ఉంచాలో మాత్రం ఎవరికీ తెలియదు. చిన్న కుక్కయితే మంచం కింద దూరుతుంది. ఇది మంచమంత ఉంటుంది. దాని గురించి రాయమన్నాడు మా ఎడిటరు.

"బోను అని మాత్రం రాయకయ్యా. చదివేవాళ్ళకి పులో దొంగో గుర్తొస్తాడు. పెట్టె అను, మర్యాదగా ఉంటుంది."

పెట్టె అన్నాను. నాకు కుక్కల గురించి ఏం తెలుసు? వీధికుక్కను చూస్తే సైకిలు మీద కాళ్ళు పైకెత్తుకోవడం తెలుసు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఎవరో ఆఫీసరు తూకానికి వేసిన పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. అందులోంచి ఎత్తాను. పెట్టెలో కుక్క తల వంచకుండా నిలబడగలగాలి. ఇబ్బంది లేకుండా ఒక చుట్టు తిరగగలగాలి. కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. మూడు వైపులా చెక్క, ముందు ఊచల తలుపు ఉండాలి. గుహలాగా చీకటిగా ఉంటే కుక్కకు ధైర్యంగా ఉంటుంది. మంచు కురిసే దేశంవాడు రాసుకున్న మాటలవి. వాడి ఊరికి అవి సరిపోతాయి. వాటిని పట్టుకొచ్చి గోదావరి ఎండల్లో దించిన ఘనత నాది.

అయితే పూర్తిగా బుద్ధిలేకుండా రాయలేదు. ఈ ముక్క చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాను, చూశారా? నేరం ఒప్పుకునే చోట కూడా కాస్త మంచితనం అరువు తెచ్చుకోవాలని ఉంటుంది మనిషికి. పశువుల డాక్టరుగారిని అడిగి, చివర్లో మన ఊళ్ళకు పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని నేనే చేర్చాను. అసలు ఆ వ్యాసంలో దమ్మిడీ విలువ చేసేవి ఆ లైన్లే.

అనుబంధం పేజీ శుక్రవారం మధ్యాహ్నమే కట్టేస్తాం. అప్పుడంతా సీసపు అక్షరాలు. ఒక్కో అక్షరం పేర్చి, లైన్లు చేసి, ఇనప చట్రంలో బిగించాలి. పేజీ తయారైంది అనుకునేసరికి బట్టల కొట్టువాళ్ళ ప్రకటన వచ్చింది. పెళ్ళిళ్ళ కాలం మరి. దానికి చోటివ్వాలి. ఫోర్‌మన్ నన్ను పిలిచాడు.

"గురువుగారూ, మీ కుక్క తోక బయటికొచ్చిందండి. ఏం చెయ్యమంటారు?"

"తోకే కదా. కొయ్యి."

"కుక్క అరవదు కదండీ?"

"అరిచినా మనకి వినపడదులే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా వృత్తిలో కోత ఎప్పుడూ కింద నుంచే. ముఖ్యమైంది పైన, పనికిరానిది అడుగున. వార్తలు అలాగే రాస్తాం కాబట్టి అది ధర్మం. కాని ఇంటి సంగతులు అలా రాయం. వంట చెప్పినట్టు వరసగా చెప్పుకుపోతాం, జాగ్రత్తలు ఆఖరున వస్తాయి. అది నాకు తెలియదా? రాసింది నేనే కదా? తెలిసే, పెన్సిలు పెట్టి ప్రూఫు మీద గీత గీశాను. ఫోర్‌మన్ ఆ గీత కింది లైన్లన్నీ ఎత్తి పక్కన పడేశాడు. గీతకు పైన మిగిలిన ఆఖరి వాక్యాలు ఇవి: "మొదట్లో కుక్క మొరుగుతుంది. మొరిగినా తలుపు తీయకండి. కాసేపటికి అదే ఊరుకుంటుంది."

ముగింపు బాగా కుదిరిందనిపించింది. నిజం చెబుతున్నాను, ముచ్చటపడ్డాను కూడా.

కొన్ని వారాలకు ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరుగారి భార్య. ముప్పై ఏళ్ళుంటాయేమో. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది. చేతిలో ఒక అట్టముక్క. దాని మీద నా వ్యాసం, చక్కగా కత్తిరించి అన్నం మెతుకులతో అంటించి ఉంది.

"ఇంటి సంగతులు రాసే ఆవిడ ఉన్నారాండి?"

"ఊళ్ళో లేరండి. నాతో చెప్పండి."

"మా రాజా పోయాడండి."

కొడుకేమో అనుకుని కుర్చీలోంచి సగం లేచాను. "ఆల్సేషియనండి" అంది. మళ్ళీ కూర్చున్నాను. కుక్కేనా అన్న తేలికదనం నా ముఖంలో కనిపించే ఉంటుంది. ఆవిడ కళ్ళు దించుకుని చెప్పుకుపోయింది.

"ఇంట్లో కుక్కేంటని మా అత్తగారు రోజూ గొడవండి. మడి కట్టుకుని వంట చేస్తుంటే వెళ్ళి ముట్టుకుంటాడని. ఎవరికైనా ఇచ్చేయమన్నారు. పెట్టె చేయిస్తానత్తయ్యా, మీ మడి అయ్యేదాకా అందులో ఉంటాడు అని నేనే ఒప్పించానండి. మీరిచ్చిన కొలతలే. ఈ అట్ట ఆ పెట్టెకే తగిలించుకున్నాను, మర్చిపోకుండా. మొన్న మా మావగారి తద్దినం. భోక్తలు భోంచేసి లేచేదాకా కుక్క కంటపడకూడదన్నారు. పొద్దున్నే వరండాలో పెట్టెలో పెట్టి గడియ వేశాను. మొరిగాడండి. చాలాసేపు మొరిగాడు. తీయొద్దన్నారు కదాండి మీరు? తర్వాత ఊరుకున్నాడు. హమ్మయ్య, అలవాటుపడ్డాడు అనుకుని వడ్డనకి వెళ్ళిపోయాను. సంతోషించానండి."

ఆ వరండాకు రేకుల కప్పు. వైశాఖ మాసం. మిగతాది నేను అడగలేదు.

"పీడా పోయిందన్నారు మా అత్తగారు. అదేం పర్లేదండి, ఆవిడంతే. మా వారికి వాడంటే ప్రాణం. చదువుకున్నదానివి, గాలాడని పెట్టెలో పెట్టి చంపేశావు అన్నారు. అంతేనండి, ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. కంచం పెడితే తింటారు, లేచి వెళ్ళిపోతారు." అట్టముక్క బల్ల మీద నా వైపు జరిపింది. "మీరు ఒక్క ముక్క చెప్పండి చాలు. పేపర్లో ఇంతే వేశామని. నేను చదివింది చదివినట్టే చేశానని. ఆయనకి చెప్పుకుంటాను."

అడిగింది అంతే. నష్టపరిహారం అడగలేదు. తప్పు ఒప్పుకోమని కూడా అడగలేదు. ఇంతే వేశామన్న మాట అడిగింది. అది నిజం. చెప్పడానికి నాకు ఖర్చు లేదు.

నేనేమన్నానో వినండి.

"ఇంతే కాదండి. మిగతా ఆరో పేజీలో ఉంది."

"ఆరో పేజీలోనా?"

"కింద సన్నటి అక్షరాలతో వేస్తామండి, మిగతా ఆరో పేజీలో అని. మీరు కత్తిరించేటప్పుడు ఆ లైను పోయుంటుంది. గాలి, నీళ్ళు, ఎండ, అన్నీ రాశారావిడ."

ఆవిడ అట్టముక్క దగ్గరికి తీసుకుని అడుగు అంచు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది. అక్కడ అక్షరాల ఆనవాలేమైనా దొరుకుతుందేమో అన్నట్టు.

"దగ్గరగా కోశానండి" అంది మెల్లగా. "మిగతా పేపరు అలమరలో డబ్బాల కింద పరిచేసి ఉంటాను. పాతది ఒకటి చూపిస్తారాండి?"

"ఫైళ్ళన్నీ హెడ్డాఫీసుకి వెళ్ళిపోతాయండి."

ఆ నెల ఫైలు ఆవిడ కుర్చీ వెనకే, గోడకు కర్రపట్టీలో వేలాడుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. పేపరువాడు చెప్పాక తిరిగి చూడాలని ఆ కాలంవాళ్ళకు తోచేది కాదు.

"అయితే నేనే చూసుకోలేదన్నమాట."

"ఒక్కోసారి అలా జరుగుతుంటుందండి" అన్నాను, ఓదార్పుగా. ఆ ఓదార్పు గుర్తొస్తే నా నోరు నాకే వాసన వేస్తుంది.

లేచి, పైట సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. బాగా రాస్తారు."

ఆవిడ మెట్లు దిగాక పక్క బల్లవాడు ఏంటి సంగతని అడిగాడు. "కుక్క చచ్చిపోయిందట, మనం కర్మ చెయ్యాలట" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. టీ తెప్పించుకున్నాం.

ఎందుకన్నాను ఆ మాట? నన్ను నేనే చాలాసార్లు అడిగాను. ఉద్యోగం పోతుందనా? ఒక కుక్క కోసం ఎవడు తీసేస్తాడు? పత్రిక పరువనా? నీటిమట్టం తప్పు వేసి మర్నాడు సవరణ వేసిన పత్రికే కదా అది. చాలాకాలం భయం అని సర్దిచెప్పుకున్నాను, ఎందుకంటే భయపడ్డవాణ్ణి లోకం కాస్త క్షమిస్తుంది. కాని భయం కాదు. భయపడితే మాట తడబడుతుంది, నాకు తడబడలేదు, నీళ్ళు తాగినంత సులువుగా వచ్చింది. చిన్నచూపు అది. మధ్యాహ్నం పనయ్యాక పేపరు చదివే ఆడవాళ్ళంటే మాకు చిన్నచూపు. వాళ్ళ పేరు పెట్టుకుని రాసేవాణ్ణి, వాళ్ళు నమ్ముతారని నవ్వుకునేవాణ్ణి, నమ్మిన ఒకావిడ ఎదురుగా వచ్చి కూర్చుంటే ఆ నమ్మకాన్నే ఆవిడ మెడకు తగిలించి పంపాను. గేటుకు పలక తగిలించుకున్న ఆ షావుకారు నాకంటే నయం. వాడి కుక్క కనీసం బతికింది.

ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య మాటలు మళ్ళీ మొదలయ్యాయో లేదో నాకు తెలియదు. తెలుసుకోలేదు. వార్త కోసం జంగారెడ్డిగూడెం దాకా బస్సుల్లో పడి తిరిగేవాణ్ణి. ధవళేశ్వరం ఎంత దూరం?

కొన్నేళ్ళ తర్వాత ధవళేశ్వరం బస్సులోనే ఆవిణ్ణి చూశాను. నాకు రెండు వరసల ముందు, కిటికీ పక్కన. జుట్టు అక్కడక్కడా తెల్లబడింది. ఒక్కతే ఉంది. చేతిలో మా పేపరే. మొదటి పేజీలో ఏదో చిన్న వార్త చదివింది. చదివి పేజీలు తిప్పి ఆరో పేజీ తీసింది. పైనుంచి కిందికి వేలు పెట్టి వెతికింది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చి ఇంకో వార్త చదివింది. మళ్ళీ ఆరో పేజీ. ఆ వార్తలకు మిగతా లేదు. అక్కడికక్కడే అయిపోయిన వార్తలవి, వాటిలో ఒకటి నేను రాసిందే. పక్కన కూర్చున్న ముసలామె విసుక్కుంది.

"ఏంటమ్మా ఆ తిప్పుడు? చీర కొంగు ఎగిరిపోతోంది నాకు."

"చూసుకోవాలి కదండీ" అంది ఆవిడ.

లేచి నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. నేను వేశాను, తలుపు వైపు. తర్వాత స్టాపులో దిగిపోయాను. ధవళేశ్వరంలో ఉన్న పని మర్నాటికి వాయిదా వేసుకున్నాను. అక్కడ కూడా మొదటిసారిలాగే, నాకు ఏమాత్రం తడబాటు లేదు.

ఆవిడ ఇప్పుడెక్కడుందో తెలియదు. ఇది ఆవిడ కంటపడుతుందన్న ఆశ లేదు. పడ్డా క్షమించమని అడిగే ముఖం లేదు. అడగను కూడా, క్షమాపణ అడగడం ఆవిడ నెత్తిన మరో పని పెట్టడమే. చెప్పడం ఒక్కటే నా వంతు. ఇది రాస్తుంటే చాలాకాలానికి చెయ్యి తేలికగా ఉంది. ఆ తేలికదనానికి నేను తగను, అదీ తెలుసు.

అమ్మా, మీ కత్తెర ఏ లైనూ కొయ్యలేదు. కోసింది నేను. మీరు చదివింది చదివినట్టే చేశారు. ఆ ప్రూఫు ఎప్పుడో పోయింది కాని నేను గీత గీసి పడేయించిన లైన్లు నాకు కంఠతా వచ్చు. ఇవి:

"అయితే ఇదంతా కుక్కకు పెట్టె అలవాటయ్యాకే. ముందు కొన్నాళ్ళు తలుపు తీసి ఉంచి, అన్నం అందులోనే పెట్టాలి. దానంతట అది వెళ్ళి పడుకునేదాకా గడియ వేయకూడదు. మన ఎండలకు మూడు వైపులా చెక్క పనికిరాదు, అన్ని వైపులా ఊచలే మంచిది. రేకుల కింద పెట్టె ఉంచరాదు. లోపల నీళ్ళు ఉండాలి. వేసవి మధ్యాహ్నం తలుపు వేసి ఎంతమాత్రం వదిలిపెట్టరాదు. కుక్క నాలుక చాచి రొప్పుతూ మొరిగితే అది మారాం కాదు. వెంటనే తలుపు తీయండి."

వ్యాసం అక్కడితో అయిపోతుంది. ఆరో పేజీలో ఏమీ లేదు. ఆ ఆదివారం ఆరో పేజీ నిండా పెళ్ళిచీరలే.