బోనుకి తాళం వేసిన రోజు

మా అత్తగారు పోయిన రెండో ఏడు, చలి తగ్గి ఎండ చురుక్కుమనే రోజుల్లో, మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది. నాతోపాటు బడిలో పాఠాలు చెప్పే ఒకామె ఇంట్లో పొమేరియన్ కుక్క ఈనింది. మూడు పిల్లల్ని ఎవరెవరో పట్టుకుపోయారు. నాలుగోది మిగిలింది. ఆమెకి బదిలీ అయింది. "ఒక్క వారం ఉంచుకో, ఎవరికైనా ఇచ్చేద్దాము" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వారం గడిచేసరికి దాన్ని ఇంకెవరికో ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. పేరు పెట్టాలనుకుంటూనే అందరం బుడ్డిదీ, బుడ్డిదీ అని పిలిచాం. అదే దాని పేరైంది.

మాది ఆత్మకూరు బజారు వెనక వీధిలో పాతకాలపు పొడుగిల్లు. ముందు వసారా, తర్వాత హాలు, హాలు పక్కనే మామయ్య గది. హాలు దాటితే వంటిల్లు, వంటింటి వెనక రెండు మెట్లు దిగితే పెరడు. బాత్‌రూము ఆ పెరట్లో, చివర్న ఉంటుంది. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆయన, మా మామయ్య. మామయ్య నలభై ఏళ్ళు బజారులో పప్పుల అంగడి నడిపిన మనిషి. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా లేకుండా వసారాలోకి కూడా వచ్చేవాడు కాదు. అంగట్లో మూటల దగ్గర గింజలు ఒలికితే కూలీలకి ఆయన కేకలు వీధి చివరిదాకా వినబడేవి. ఆ ఏడు ఆయన అంగడికి పోవడం మానేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. పెళ్ళిళ్ళకీ మానేశాడు. మేమూ మోకాళ్ళేనని నమ్మాం.

కుక్కపిల్లకి నేర్పించాల్సిన మొదటి సంగతి, ఇంట్లో ఉచ్చ పొయ్యకూడదని. మా ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటే. రెండో రోజు హాల్లో పోస్తే, దాని మెడ పట్టుకుని మూతిని ఆ తడిలో రుద్దాడు. అది కుయ్యోమంటూ మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

"అట్ట చేస్తే అది నేర్చుకునేది ఒకటే. మన కంట పడకుండా పొయ్యడం" అన్నాను.

"అయితే నీ పద్ధతేందో చూపించు" అన్నాడు.

పశువుల ఆసుపత్రిలో అడిగాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఇనప కమ్మీల బోను ఒకటి తెప్పించి హాల్లో గోడవారగా పెట్టాను. లోపల పాత చీర నాలుగు మడతలు వేశాను. కుక్క తను పడుకునే చోట పొయ్యదట. అందుకని బోను దాని ఇల్లు కావాలి, జైలు కాకూడదు. తిండి అందులోనే పెట్టాను. మొదట తలుపు తెరిచే ఉంచి, తర్వాత అయిదు నిమిషాలు మూసి, పది నిమిషాలు మూసి, అది ఏడవకుండా ఉన్నప్పుడే తీసేదాన్ని. నిద్ర లేవగానే పెరట్లోకి, తిన్నాక పెరట్లోకి, ఆడాక పెరట్లోకి. అక్కడ పోస్తే చిన్న బిస్కెట్టు ముక్క.

మామయ్యకి బోను నచ్చలేదు. "కుక్కని బోనులో పెట్టేదేంది? అదేమన్నా పులా?" అనేవాడు.

బడి మాకు రెండు వీధుల అవతల. పదిన్నరకి ఇంటర్వెల్లో పరుగున వచ్చి దాన్ని పెరట్లోకి వదిలి, మళ్ళీ బోనులో పెట్టి పోయేదాన్ని. పన్నెండున్నరకి అన్నానికి వచ్చినప్పుడు మళ్ళీ వదిలేదాన్ని. మూడు వారాలు తిరిగేసరికి బుడ్డిది పెరటి తలుపు దగ్గరికి పోయి గోకడం మొదలుపెట్టింది. నా కళ్ళెదుట ఒక్కసారి కూడా ఇంట్లో పొయ్యలేదు.

కానీ నేను లేనప్పుడు పోసేది. వారానికి రెండు మూడు రోజులు పన్నెండున్నరకి వచ్చేసరికి బోను తలుపు తెరిచి ఉండేది. వంటింటి గడప దగ్గర నేలంతా తడి. మామయ్య కుర్చీలో కూర్చుని, "ఏడస్తా ఉంటే జాలేసి వదిలినాను. చూడు, నీ ట్రైనింగు" అనేవాడు. ఎంత కడిగినా ఆ గడప దగ్గర వాసన పోయేది కాదు. వెనిగర్ నీళ్ళతో కడిగాను. బతిమాలాను కూడా.

"మామయ్యా, మీరు బోను తియ్యబాకండి. ఎంత ఏడ్చినా సరే."

"నేను తియ్యకపోతే అది చచ్చిపోతాది" అన్నాడు, నా వైపు చూడకుండా.

మా ఆయనకి విసుగొచ్చింది. దేవుడి గూడు ఆ గడప పక్క గోడకే ఉంది, మా అత్త పూజ చేసుకున్న చోటు. "ఆదివారం దాకా చూస్తా. ఇంకొక్కసారి పోసిందంటే ఉదయగిరిలో అక్కకిచ్చేస్తా" అన్నాడు. ఆయన అక్క ఇంటి చుట్టూ ఆవరణే, కుక్క ఉన్నా ఇబ్బంది లేదు.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. మర్నాడు పొద్దున మామయ్య స్నానంలో ఉండగా, ట్రంకు పెట్టెకి వేసే చిన్న తాళం తెచ్చి బోనుకి వేశాను. తాళంచెవి బ్యాగులో వేసుకున్నాను. నా మనసులో ఏ అనుమానమూ లేదు. మామయ్య తియ్యకుండా ఉంటే చాలనుకున్నాను. పదిన్నరకి వచ్చి బుడ్డిదాన్ని పెరట్లోకి వదిలాను. అది పోసింది. మళ్ళీ తాళం వేసి పోయాను.

పన్నెండున్నరకి వీధి మలుపులోనే దాని అరుపు వినబడింది. అలా మొరగడం అంతకుముందు వినలేదు. తలుపు తోసి లోపలికి పోయాను.

మామయ్య వంటింటి గడప దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. నొప్పులని చెప్పే మోకాళ్ళ మీదే. భుజం మీది తువ్వాలుతో నేల తుడుస్తున్నాడు. పంచె ముందంతా తడిసి తొడలకి అంటుకుని ఉంది. బోను తాళం వేసినది వేసినట్టే ఉంది. లోపల చీర మడత పొడిగా ఉంది.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. బోను వైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"కమ్మీల్లోంచి పోసింది. ఇక్కడిదాకా వచ్చేసింది" అన్నాడు.

బోనుకీ గడపకీ మధ్య హాలు హాలంతా ఉంది.

"అవును మామయ్యా. మీరు లేవండి, నేను తుడుస్తా. పోయి పంచె మార్చుకోండి, తడంటింది" అన్నాను. ఆ మాటలు నా నోట్లోంచి ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. ఆయన గోడ పట్టుకుని లేచి, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

అప్పుడే వీధిలో మా ఆయన బండి ఆగిన చప్పుడైంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇంకేదన్నా చేసేదాన్నేమో. బ్యాగులోంచి తాళంచెవి తీశాను. తాళం తీసి బ్యాగులో వేసి, బోను తలుపు తెరిచాను. బుడ్డిది ఒక్క గెంతు గెంతి తిన్నగా ఆ తడి దగ్గరికే పోయి వాసన చూస్తూ నిలబడింది. మా ఆయన లోపలికొచ్చి చూసింది అదే.

"మళ్ళీనా?"

నేను గుడ్డ తెచ్చుకుని తుడవడం మొదలుపెట్టాను. గది లోపల మామయ్య ఉన్నాడు. ప్రతి మాటా వినబడుతుంది.

"నిన్నేనే. ఇదేనా పోసింది?"

"ఊ" అన్నాను.

ఆదివారం పొద్దున మా ఆయన బోనునీ బుడ్డిదాన్నీ ఆటోలో బస్టాండుకి తీసుకుపోయి, ఉదయగిరిలో దించి వచ్చాడు. అది బోనులో నిశ్శబ్దంగా కూర్చుని పోయింది. నేనే కదా నేర్పింది, బోను దాని ఇల్లని. మామయ్య గదిలోంచి బయటికి రాలేదు.

ఇక గడప దగ్గర తడి కనబడదనుకున్నాను. నిజంగానే కనబడలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. మామయ్య నీళ్ళు తాగడం మానేశాడు. పొద్దున చెంబుతో పెట్టిన నీళ్ళు మధ్యాహ్నానికి అలాగే ఉండేవి. మజ్జిగ వద్దనేవాడు, కాఫీ వద్దనేవాడు. అప్పటికి ఎండలు ముదిరాయి, మాకు ఒంటిపూట బడులు పెట్టారు. ఒకరోజు నేను వచ్చేసరికి కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. పెదవులు ఎండి చీలాయి. ఒళ్ళు కాలిపోతోంది.

గ్లాసుతో నీళ్ళు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"తాగండి."

"వద్దు."

"పెరట్లోకి నేను తోడొస్తా. తాగండి మామయ్యా. ఆసుపత్రికి పోదాం. దీనికి మందులుంటాయి."

ఆయన కళ్ళు తెరిచాడు. "దీనికంటే? దేనికి? ఎవరికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలా."

"వాడికి?"

"చెప్పలా."

నమ్మాడో లేదో తెలియదు. నీళ్ళు మాత్రం తాగాడు, సగం గ్లాసు. ఆసుపత్రి మాట ఎత్తితే మాత్రం కేకలేశాడు. రెండు మాత్రలకి జ్వరం తగ్గింది. నేను మళ్ళీ నోరు మూసుకున్నాను. మా ఆయనకి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. నోటిదాకా వచ్చేది. తండ్రి పంచె తడుపుకుంటున్నాడని కొడుక్కి చెప్పే మాట కోసం వెతికి, దొరక్క, కూర ఎలా ఉందని అడిగేదాన్ని.

ఆ తర్వాత వారమో, పది రోజులో. ముగ్గురం అన్నాలు తింటుంటే ఉదయగిరి నించి వదిన ఫోన్ చేసింది. మా ఆయన చెయ్యి ఎంగిలని ఎడం చేత్తో స్పీకర్లో పెట్టాడు.

"ఏంరా, ఇంత బుద్ధిమంతురాలిని ఎందుకు పంపించినావు నాకు? నెలరోజులైంది, ఇంట్లో ఒక్క చుక్క పొయ్యలా. తలుపు దగ్గరికి పోయి గోకతాది. ఇంతకీ మీ ఇంట్లో పోసిందెవరంట?" అని పకపకా నవ్వింది.

మా ఆయన నవ్వబోయి ఆగాడు. నావైపు చూశాడు. నేను కంచంలోకి చూస్తున్నాను. ఆయన కళ్ళు అక్కణ్ణించి మామయ్య కంచం పక్కన నిండుగా ఉన్న నీళ్ళ గ్లాసు మీదికి పోయాయి. ఫోన్లో వదిన "వినపడతా ఉండాదా? హలో?" అంటోంది. మామయ్య అన్నంలో చెయ్యి కదల్చకుండా కూర్చున్నాడు.

"తర్వాత చేస్తాలే అక్కా" అని ఫోన్ పెట్టేశాడు మా ఆయన.

చివరికి మామయ్యే అన్నాడు, గోడకి చెప్పినట్టు. "పెరడు దూరంరా. ఆ మెట్ల దగ్గరికి పోయేలోపలే అయిపోతా ఉండాది."

మా ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "రేపు నెల్లూరు పోదాం నాయనా" అన్నాడు. అంతే. కానీ పెరట్లో నా దగ్గరికొచ్చి పళ్ళు బిగబట్టి అడిగాడు. "నీకు తెలుసు గదా? ఎన్నాళ్ళ నించి?"

"తాళం వేసిన రోజు నించి."

"చచ్చిపోయి ఉంటే? నీళ్ళు తాగక చచ్చిపోయి ఉంటే?"

మామయ్య పరువు కాపాడాననుకున్నాను. ఆ పరువు కోసమే ఆయన నీళ్ళు మానేశాడు.

నెల్లూరులో డాక్టరు పరీక్షలు చేయించి, మూత్రసంచి కింద ఉండే ప్రొస్టేటు గ్రంథి వాచిందనీ, ఆ వయసు మగవాళ్ళలో చాలామందికి ఉండేదేననీ చెప్పి మందులు రాశాడు. నీళ్ళు మానడం అన్నిటికంటే పెద్ద తప్పని కోప్పడ్డాడు. వచ్చినా రాకపోయినా రెండు గంటలకోసారి పోవాలన్నాడు. తిరుగు బస్సులో మామయ్య నాతో అన్నాడు. "నీ కుక్కకి పెట్టినట్టే నాకూ టైం పెట్టినాడు డాక్టరు." నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నవ్వలేదు. హాలు పక్కనే, వసారా మూల తగ్గించి చిన్న బాత్‌రూము కట్టించాడు మా ఆయన.

అది పూర్తయిన వారానికి మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "పద, ఉదయగిరి పోయొద్దాం" అన్నాడు. ఆయన నెల్లూరు ఆసుపత్రికి తప్ప బస్సెక్కి ఏడాది దాటింది. ఎక్కేముందు బస్టాండులో ఒకసారి పోయొచ్చాడు. సగం దారిలో ఆయన చేతులు ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకోవడం చూశాను. నేను లేవబోయాను. ఆయన నా చెయ్యి లాగి కూర్చోబెట్టి, తనే లేచి నిలబడ్డాడు.

"కండక్టరయ్యా, బస్సు ఆపు. ఒంటికి పోవాల."

బస్సంతా విన్నది. వెనక ఎవరో గొణిగారు. బస్సు ఆగింది. ఆయన తుమ్మచెట్ల వెనక్కి పోయి, తీరిగ్గా వచ్చి, మెట్లెక్కి నా పక్కన కూర్చున్నాడు. చొక్కా చేతులు సర్దుకున్నాడు. పంచె పొడిగా ఉంది.

వదినకి బుడ్డిదాన్ని ఇవ్వడం ఇష్టం లేదు. "ఆడబిడ్డనని లోకువా? పంపించేదీ మీరే, తీసకపోయేదీ మీరేనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామయ్య కూతురి పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో నేను వినలేదు, వంటింట్లోకి పోయాను. బయటికొచ్చేసరికి వదిన బోనులో చీర మడత సర్దుతోంది. బుడ్డిది నన్ను చూసి తోక ఊపింది గానీ దగ్గరికి రాలేదు. నేనే పోయి ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చిన తర్వాత అది అన్నీ మర్చిపోయినట్టు చేసింది. మొదటి మూడు రోజులు నిజంగానే ఇంట్లో పోసింది, మా కళ్ళెదుటే. ఇల్లు మారితే కుక్కలు అలాగే చేస్తాయట. మళ్ళీ అయిదు నిమిషాలు, పది నిమిషాలు మొదలుపెట్టాను. మా ఆయన ఒక్కసారి కూడా దాని మెడ మీద చెయ్యి వెయ్యలేదు. నేను బడిలో ఉన్నప్పుడు పదిన్నరకి దాన్ని పెరట్లోకి తీసుకుపోయే పని మామయ్య తనంతట తనే తీసుకున్నాడు. బిస్కెట్టు ముక్క కాక మొత్తం బిస్కెట్టు పెడతాడు. వద్దన్నా వినడు. అది లావెక్కింది.

బోనుకి తాళం వేసిన ఆ రోజు సంగతి మామయ్యా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.