ఒకే సిమ్, ఊరందరి ఫోన్లు

అతని అసలు పేరు బజారులో ఎవరికీ పట్టదు. పాత రేడియోలు విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ తనంతట తానే పని నేర్చుకున్నాడు కాబట్టి అందరికీ రేడియోనే. కాలం మారి బల్ల మీదికి ఫోన్లు వచ్చినా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు. చెప్పుల దుకాణానికీ మేడ మెట్లకీ మధ్య ఇరుకు గది. ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం, గోడకి వేలాడే స్క్రూడ్రైవర్లు. అంతే దుకాణం.

పనిలో అతనికొక పట్టుదల ఉంది. బాగుచేసిన ఫోనులో తాను మాట్లాడి చూడందే ఎవరి చేతికీ ఇవ్వడు. జనం ఫోను ఇచ్చేటప్పుడు తమ సిమ్ తీసి జేబులో వేసుకుంటారు. అందుకని తన సిమ్ అందులో వేసి అక్కకి ఫోను చేస్తాడు. రికార్డు చేసి వింటే సరిపోదా అని ఎవరైనా అంటే, "రుచి చూడకుండా గిన్నె దించే వంటమనిషి చేతి కూర నువ్వు తింటావా?" అంటాడు.

అక్కకి విమానాశ్రయం వంటశాలలో పని. ప్రయాణికులకిచ్చే భోజనం ట్రేలు సర్దుతుంది. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఆ ఇల్లు నిలబడింది ఆమె నెలజీతం మీదే. దుకాణం సంపాదన ఒకరోజు వాన, ఒకరోజు ఎండ. ఆమెవి పాము చెవులు. గిన్నెల మోతలో కూడా మైకులో లోపం ఇట్టే పట్టేస్తుంది.

"వినపడుతోందా అక్కా?"

"బావిలోంచి మాట్లాడుతున్నావురా. మైకు జాలీ తుడిచావా?"

"తుడిచాను."

"నీ మొహం తుడిచావు. మళ్ళీ విప్పు."

అంతే, పెట్టేస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస.

ఒక పొద్దున ఆమె గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. రోజూ నవ్వుతూ పలకరించే కాపలా అబ్బాయి ఈసారి నేలచూపులు చూశాడు. "పైనుంచి ఆపేశారు పిన్నీ. నా చేతుల్లో ఏం లేదు." వంటశాల మేనేజరు బయటికొచ్చి, ఇది భద్రతా విభాగం వాళ్ళ పని అనీ, నెలాఖరులోగా తేల్చుకురాకపోతే ఇంకో మనిషిని పెట్టుకోవలసి వస్తుందనీ చెప్పాడు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ భద్రతా విభాగం ఆఫీసుకి వెళ్ళారు. అక్కని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, రేడియోని లోపలికి పిలిచారు. అధికారిణి దురుసు మనిషి కాదు. కుర్చీ చూపించింది, మంచినీళ్ళు తెప్పించింది. ఆ మర్యాదకే అతనికి ఎక్కువ భయం వేసింది.

"మీ మాటలు మేం వినలేదు. ఏ ఫోనులోంచి ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే చూస్తాం. అందరివీ చూస్తాం. యంత్రం జల్లెడ పడుతుంది. మీ సిమ్ వందల ఫోన్లలో తిరిగింది. ప్రతి ఫోనులోంచీ ఒకే నంబరుకి కాల్. అరనిమిషం మాట, ఆపైన కట్. ఆ నంబరు రోజూ విమానాశ్రయం లోపలికి వెళ్తోంది. మీరైతే ఏమనుకుంటారు?"

రేడియోకి నవ్వొచ్చింది. "ఇంతేనా అమ్మా! నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణి."

"నాకర్థమైంది. కానీ యంత్రం గుర్తు పెట్టినదాన్ని నా అంతట నేను చెరపలేను. ఆ ఫోన్లు ఎవరెవరివో చెప్పండి. రిపేరుకి ఇచ్చారా లేదా అని వాళ్ళని అడుగుతాను."

"ఎవరి ఫోనో మీ దగ్గరే ఉంటుందిగా?"

"ఉంది. వాళ్ళు మీకు గిరాకీలా, మీ మనుషులా అన్నది లేదు. అది మీ నోటితో రావాలి."

"పోనీ ఇవాళ్టి నుంచి నా సిమ్ వెయ్యడం మానేస్తాను."

"మానేస్తే, ఎవరో హెచ్చరించారు కాబట్టి మానేశారని యంత్రం అనుకుంటుంది."

రేడియో గ్లాసు అందుకుని మళ్ళీ కింద పెట్టాడు. ఫోనులో ఏముందో చూడకూడదు, ఎవరిదో చెప్పకూడదు. ఈ రెండూ అతను పెట్టుకున్న కట్టుబాట్లు. ఒకసారి ఒకాయన వచ్చి పెళ్ళాం ఫోను తెరిచిమ్మంటే, మిట్టమధ్యాహ్నం దీపం ఆర్పేసి "దుకాణం మూసేశాను" అన్న మనిషి. కానీ తలుపు అద్దంలోంచి అక్క కనిపిస్తోంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. ఎవరికీ ముప్పు రాని పేరు ఒక్కటుంటే చాలనుకున్నాడు. స్కూలు బస్సు డ్రైవరు గుర్తొచ్చాడు. చీమ అడ్డొచ్చినా బ్రేకు వేసే రకం. చార్జింగు పిన్ను పోయిందని ఫోను తెచ్చాడు. రేడియో ఆ పేరు చెప్పేశాడు.

ఆమె కంప్యూటరులో కొట్టి చూసింది. నొసలు ముడిపడింది. "రోజూ పొద్దున ఒకే వేళకి బోలెడన్ని నంబర్లు ఈయనకి ఫోను చేస్తున్నాయి. ఎవరూ మాట్లాడరు. మోగించి ఆపేస్తారు."

"పిల్లల తల్లులమ్మా వాళ్ళు. ఒకసారి మోగిస్తే పిల్ల తయారని. రెండుసార్లు మోగిస్తే ఇవాళ రాదని."

"అంటే సంకేతం."

రేడియో నాలిక కరుచుకున్నాడు.

"ఆ తల్లులెవరో తెలుసా?"

సగంమంది ఫోన్లు అతని బల్ల మీద పడుకుని లేచినవే. "తెలీదు," అన్నాడు.

"తెలుసుకుని సోమవారం రండి. మిగతా పేర్లతో కూడా."

బయటికి రాగానే అక్క లేచింది. "తేలిందా?"

"ఒక్క పేరు చెప్పాను. అడుసులో కాలేసినట్టయింది. లాగేకొద్దీ దిగుతోంది."

"మిగతావీ చెప్పెయ్. వాళ్ళేం దొంగలా? పిలుస్తారు, అడుగుతారు, పంపేస్తారు."

"నువ్వు దొంగవా? నిన్ను పంపేశారా?"

ఆమె విసవిసా ముందుకి నడిచింది. "నీ కట్టుబాట్లు నీకు బాగానే ఉన్నాయి. గేటు బయట నిలబడింది నేనురా," అంది. ఆ తర్వాత దారి పొడుగునా "చెప్పెయ్, చెప్పెయ్" అని పోరుతూనే ఉంది.

సాయంత్రం బల్ల మీద స్పీకరు మార్చిన ఫోను ఒకటి సిద్ధంగా ఉంది. రేడియో సిమ్ని వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాడు. వేస్తే ఇంకో గుర్తు. వెయ్యకపోతే అదీ గుర్తే. అక్క గోడ పక్కన స్టూలు మీద ఉంది. ఫోను చేద్దామన్నా, వినవలసిన చెవి బారెడు దూరంలోనే ఉంది.

అప్పుడొచ్చాడు బస్సు డ్రైవరు. "రేడియో అన్నా, ఏదో ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సోమవారం రావాలట, లైసెన్సు కూడా తెమ్మన్నారు. నా మీద ఎవరో చాడీ చెప్పినట్టున్నారు. నీ దగ్గరికి నలుగురూ వస్తారుగా, ఏమైనా చెవినపడిందా?"

రేడియో సిమ్ని బల్ల మీద పెట్టాడు. "చెప్పింది నేనే," అని మొదటినుంచీ జరిగిందంతా చెప్పాడు.

డ్రైవరు తిట్టలేదు. గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. "పిల్లల బండన్నా నాది. అనుమానం అన్న మాట స్కూలుకి చేరితే చాలు, తాళాలు లాక్కుంటారు." అంతలోనే అడిగాడు, "ఆ తల్లుల పేర్లు నన్ను అడుగుతారంటావా?"

"అడుగుతారు."

"చెప్పాలా, వద్దా? నాకు పాలుపోవడం లేదు. నువ్వైనా చెప్పు. పోనీ అక్కా, నువ్వు చెప్పు."

పొద్దుటినుంచీ చెప్పెయ్ అని పోరిన మనిషి ఒళ్ళోని సంచీ కేసి చూస్తూ ఉండిపోయింది.