చిన్నాన్న చూసిన సముద్రం

నేను నగర్తపేటలో పెరిగిన ఆ రోజుల్లో మా వీధి పిల్లలకు పెద్ద నీళ్ళంటే కొళాయి దగ్గరి సిమెంటు తొట్టే. చలి తెలుసు, వాన తెలుసు, వేసవి సెలవుల్లో మేడ మీద ఆరేసిన వడియాలకు కాపలా కూర్చోవడం తెలుసు. సముద్రం మాత్రం ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నేనూ చూశానని కాదు, నాకు మా చిన్నాన్న ఉన్నాడు. మా ఇల్లు అంగడి మీదనే ఉండేది. కింద నాన్నా చిన్నాన్నా కలిసి బటన్లు, లేసులు, జరీ దారం టోకున అమ్మేవాళ్ళు. మధ్యాహ్నం బేరాలు పల్చబడగానే చిన్నాన్న నన్ను బల్ల మీద కూర్చోబెట్టుకుని సముద్రం చెప్పేవాడు. అప్పటికి ఆయనకు పిల్లల్లేరు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

పెళ్ళికి ముందు ఒక ఏడాది మల్పె అనే సముద్రతీరపు ఊళ్ళో జాలర్ల ఇంట్లో ఉన్నాడట. వాళ్ళ భాష తుళు నేర్చుకున్నాడట. సాయంత్రమైతే లైట్‌హౌస్ ఎక్కి దీపం వెలిగించేది కూడా ఈయనేనట. "అల వస్తా ఉంటే పరిగెత్తకూడదమ్మణ్ణీ," అనేవాడు, బటన్ల డబ్బా మూత తుడుస్తూ. "నిలబడి, 'ఏమప్పా బాగుండావా' అని పలకరించల్ల. అప్పుడది కాళ్ళ కాడికొచ్చి సాధువై పోతాది." మరి సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయటగా అని అడిగితే, "అంతేం ఉండదు. మేము ఆ నీళ్ళతోనే అన్నం వండుకుంటా ఉంటిమి. ఉప్పు వేసే పని తప్పుతాది," అనేవాడు. (నేను ఈ విషయం సైన్సు పరీక్షలో రాశాను. టీచరు ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది. ఆవిడ మల్పె చూడలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.)

నాకు పదకొండేళ్ళప్పుడు, మే నెలలో, అంగడి వారం రోజులు మూసి అందరం మల్పె వెళ్తున్నామని నాన్న ఉన్నట్టుండి చెప్పాడు. పండగలకే అంగడి మూయని మనిషి ఆయన. "వానికి తెలిసిన ఊరు. యాడ దిగల్ల, యాడ తినల్ల, అంతా వాడే చూసుకుంటాడు," అని చిన్నాన్నను చూపించాడు. చిన్నాన్న ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. అది సంతోషమని అనుకున్నాను. "ఈ ఏడు వద్దులేన్నా, వానలొస్తాయి," అని నసిగాడు. "మే నెలలో వానలేందిరా? మీ అమ్మ కాశీ చూళ్ళేదు, సముద్రమన్నా చూడనీ," అంది అవ్వ, తన గురించి తానే ఎవరో పరాయి మనిషి తరఫున మాట్లాడినట్టు. అలా నాన్న, అమ్మ, అవ్వ, చిన్నాన్న, చిన్నమ్మ, నేను, పులిహోర డబ్బా, అవ్వ మడి చీరల సంచీ కలిసి బయల్దేరాం.

ఉడుపిలో బస్సు దిగి చెమటలు తుడుచుకునేలోపే మా నాయకుడి పరీక్షలు మొదలయ్యాయి. ఆటో అతనితో చిన్నాన్న తుళులో మాట్లాడాడు. అది మా రోజువారీ కన్నడమే, ముక్కుతో పలికాడంతే. ఆటో అతను సాంతం ఓపిగ్గా విని, "సార్, కన్నడదల్లే హేళి," కన్నడంలోనే చెప్పండి, అన్నాడు. "వీడు ఈ ఊరోడు కాదు," అని చిన్నాన్న మాకు రహస్యంగా చెప్పాడు. మర్నాడు కాపు అనే ఊళ్ళో ఉన్న లైట్‌హౌస్‌కు తీసుకెళ్తానని బస్సెక్కించాడు. ఆ ఊరేమో దక్షిణాన ఉంది. మేం కుందాపుర దారిలో ఉత్తరానికి గంటసేపు పోయాక, పక్క సీటు పెద్దమనిషి చెబితే తెలిసింది. అమ్మ ఏదో అనబోతే నాన్న అడ్డుపడి, "పోనీలే, ఈ పక్క కూడా చూసినట్టాయ," అన్నాడు. ఎండలో ఇంకో బస్సు కోసం నిలబడి, అవ్వ కాళ్ళ నొప్పులతో, అందరం పులిహోర తిన్నాం. ఎవరూ చిన్నాన్నను ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్ళు ఇంత మెతకేమిటా అని నాకు చిరాకేసింది.

మూడో రోజు తెల్లవారగానే నాకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే చిన్నాన్న ఒక్కడే ఇసుక మీద నడిచి వెళ్తున్నాడు. మేం వచ్చినప్పటి నుంచి గొడుగుకు, చెప్పులకు, సంచులకు కాపలా కాస్తానని ఆయన నీళ్ళ దాకా రానేలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే వెళ్ళి, ఒడ్డున బోర్లించిన పడవ చాటున నిలబడ్డాను. చిన్నాన్న పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి నిలుచున్నాడు. అల రాగానే గబగబా వెనక్కి గెంతాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ గెంతాడు. నాలుగోసారి నిలబడ్డాడు. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని, చుట్టూ చూసి, నోట్లో పోసుకున్నాడు. వెంటనే థూ అని ఉమ్మేశాడు. ఆ తర్వాత నవ్వాడు. అరచేతిని చూసుకుంటూ, ఒక్కడే, చాలాసేపు. నాకు ఆ క్షణంలోనే అన్నీ అర్థమైపోయాయి, లేదా అర్థమయ్యాయనుకున్నాను. ఆశ్చర్యమేమిటంటే కోపం రాలేదు. గదికి తిరిగి వచ్చి దుప్పటి కప్పుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ రోజే పడవెక్కి దగ్గర్లోని దీవికి వెళ్ళాం. పడవలో మా ఊళ్ళోనే జయనగర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కలిసింది. భార్యాభర్తలూ, ఇద్దరు ఆడపిల్లలూ. చిన్నాన్న దారి పొడవునా పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటుంటే ("పొద్దున్నే తిన్న బన్సు పడలే," అన్నాడు) చిన్నమ్మ వీపు రాసింది. సాయంత్రం ఒడ్డుకు వచ్చి అందరం ఇసుకలో కూర్చున్నాం. మసాలా బొరుగుల చురుమురి పొట్లాలు తెప్పించారు. ఎలా మొదలైందో చూడలేదు, నేను అవ్వకు చెప్పులు తొడిగి వచ్చేసరికి జయనగర్ పిల్లలిద్దరూ చిన్నాన్నకు చెరోవైపూ చేరి నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. "అల వస్తా ఉంటే పరిగెత్తకూడదు పాపా, నిలబడి పలకరించల్ల..."

అది నాది. బల్ల మీద కూర్చుని, నా ఒక్కదాని కోసం చెప్పించుకున్నది. కొత్త గౌన్లు వేసుకున్న ఎవరో పిల్లలకు ఆయన అదే గొంతుతో, అదే చోట ఆగి, చెప్పేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నీ అబద్ధాలు!" అని అరిచాను. "మా చిన్నాన్న ఈ రోజు పొద్దున్నే మొదటిసారి నీళ్ళల్లోకి దిగినాడు. నేను పడవ చాటునుంచి చూసినాను. అల వస్తే గెంతినాడు. నీళ్ళు నోట్లో పోసుకొని థూ అని ఉమ్మినాడు. ఉప్పని కూడా తెలీదు!" అంతటితో ఊరుకోక, పంచె ఎగ్గట్టినట్టు నటించి, గెంతి, ఉమ్మి చూపించాను. బాగానే చేసి ఉంటాను. జయనగర్ ఆయన పగలబడి నవ్వాడు. పిల్లలు నవ్వారు. చిన్నాన్న కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. "చూసినారా, మా అమ్మణ్ణి పోలీసు," అన్నాడు. పంచెకు అంటిన ఇసుక దులుపుకుని, "అమ్మకు టీ తెస్తా," అంటూ లేచి వెళ్ళాడు. ఇసుకలో దిగబడుతున్న కాళ్ళతో ఆయన నడిచి వెళ్ళడం ఇప్పటికీ కనబడుతుంది. మా వాళ్ళలో ఒక్కరూ నవ్వలేదన్న సంగతి నేను అప్పుడు చూశాను. నాన్న సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రాత్రి చిన్నమ్మ నా జడలోంచి ఇసుక దువ్వుతూ, "ఎందుకు చెప్పితివే?" అంది.

"నిజమే కదా చెప్పినాను, చిన్నమ్మా."

"నిజమని ఎవరికి తెలీదు? పద్దెనిమిదేళ్ళప్పుడు సముద్రం చూస్తానని ఇంట్లో చెప్పకుండా పోయినాడు. సగం దారికి, సకలేశపురం దాకా పోయేసరికి చేతిలో ఉండేది అయిపోయింది. ఆడనే ఒక హోటల్లో గ్లాసులు కడుగుతా ఉంటే మూడు నెలలకు మీ నాన్నే పోయి పిలుచుకొనొచ్చినాడు. వస్తూ వస్తూ దారిలో ఈ కథ పుట్టింది. నన్ను చూసుకునేదానికి వచ్చినప్పుడు కూడా ఇదే చెప్పినాడు. పెండ్లయిన నెలకే మీ అవ్వ నాకు అసలు సంగతి చెప్పింది."

"మరి ఎవరూ ఏమీ అనలేదేం?"

"అని ఏం చేయల్లే? ఆ మనిషికి సముద్రం చూడల్లని ఆశ. చూపించమని తనే అడిగితే కథ పోతాది. అందుకే మీ నాన్న తనే అంగడి మూసి, 'నువ్వే చూపించాలప్పా' అని పిలుచుకొనొచ్చినాడు." దువ్వెన ఆగింది. "ఈ ఇంట్లో తెలీనిదానివి నువ్వొక్కదానివే ఉంటివి."

తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కాక బస్సు సకలేశపురంలో కాఫీకి ఆగింది. అందరం దిగాం, చిన్నాన్న దిగలేదు. నాన్న గ్లాసు పట్టుకెళ్ళి కిటికీలోంచి ఆయనకు అందించాడు. నేను గ్లాసు తిరిగి తీసుకోవడానికి వెళ్ళి, ఏదైనా అనాలని, "చిన్నాన్నా, ఆ లైట్‌హౌస్ కథ చెప్పవా," అన్నాను. "నాకేం తెలుసమ్మణ్ణీ," అన్నాడు, ఎంతో మామూలుగా. కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం తగ్గే దాకా ఎదురుచూసేదాన్ని.

తర్వాత ఆయన నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. బజ్జీలు కొనిపెట్టాడు, లెక్కలు చెప్పాడు, డిగ్రీ పాసైనప్పుడు నాన్న కంటే ముందు వీధంతా మైసూరుపాకు పంచాడు. కథ మాత్రం ఒక్కటీ చెప్పలేదు. రెండేళ్ళకు వాళ్ళకు కొడుకు పుట్టాడు. వాణ్ణి కూడా బల్ల మీద కూర్చోబెట్టుకునేవాడు, కాని బటన్ల సైజులు నేర్పేవాడు. ఒకసారి ఆ తమ్ముడు నాతో, "నాన్న ఎక్కువ మాట్లాడడు కదక్కా, మొదటి నుంచీ అంతేనా?" అని అడిగాడు. నేను అవునన్నాను.

పోయిన ఏడాది చిన్నాన్న షష్టిపూర్తి జరిగింది. ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. చుట్టాలు కాస్త పల్చబడ్డాక ఆయన పక్కన ఆకు వేయించుకుని కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా లోపల కూడబెట్టుకున్న మాట బయటపెట్టాను. "చిన్నాన్నా, ఆ రోజు మల్పెలో అందరి ముందరా నేను అట్లా అనుండకూడదు. తప్పయిపోయింది."

ఆయన నమలడం ఆపి నా వైపు చూశాడు. "మల్పెనా? మనమెప్పుడు పోయినామమ్మణ్ణీ మల్పెకి?"

"అందరం పోయినాం కదా. అవ్వ కూడా వచ్చింది. పడవెక్కినాం."

"లేదే. నీకేదో కల వచ్చినట్టుండాది. మీ నాన్న అంగడి మూసి ఎప్పుడన్నా యాడికన్నా పోయే మనిషా?" ముఖంలో ఎక్కడా తొణుకు లేదు. ఎదురుగా హోళిగలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తున్న చిన్నమ్మ మాత్రం గబుక్కున పక్క వరసకు తిరిగిపోయింది. జయనగర్ వాళ్ళ గురించి, కుందాపుర బస్సు గురించి చెప్పబోయాను. ఫోన్లో అమ్మ పంపిన పాత ఫోటో కూడా ఉంది, అవ్వ అలల్లో చీర పట్టుకుని నిలబడ్డది. చెయ్యి ఫోను దాకా వెళ్ళింది కూడా. ఇన్నేళ్ళకు మళ్ళీ నాకో కథ చెబుతున్నాడని అప్పుడు తట్టింది.

"ఔను చిన్నాన్నా," అన్నాను. "కలే అయ్యుంటాది."

"అట్ల చెప్పు," అని ఆయన తన ఆకులో హోళిగ ఒకటి తీసి నా ఆకులో వేసి, దాని మీద నెయ్యి కూడా తనే పోశాడు. ఎంత ఆలస్యంగా బుద్ధి వచ్చిందే నీకు అని నన్ను నేనే తిట్టుకుంటూ, తల వంచుకుని, నవ్వుకుంటూ తిన్నాను.