రేకు గదిలో ఇంటర్వ్యూ

కరోనా ఏడాది నా ఉద్యోగం పోయింది. ఈ అరబ్బు దేశంలో నాదీ, మా ఆయనదీ, మా పాపదీ, ముగ్గురి వీసాలూ నా ఉద్యోగం మీదే ఉండేవి. సత్వాలో ఫ్లాట్ ఖాళీ చేసి, హత్తా కొండల దగ్గర క్యాంపింగ్ మైదానంలో ఒక స్నేహితురాలు నిలిపి ఉంచిన కారవాన్‌లోకి, అంటే చక్రాల మీది రేకు గదిలోకి చేరాం. వీసా గడువు ఇంకా తొమ్మిది రోజులు.

ఆ ఉదయం పదకొండింటికి వీడియో ఇంటర్వ్యూ. పదిన్నరకి మైదానం వైఫై పోయింది. ఫోన్‌లోనూ ఒకటే గీత. మా ఆయన ఫోన్ పట్టుకుని తలుపు దగ్గరికీ, కిటికీ దగ్గరికీ తిరుగుతున్నాడు.

"కారులో హైవే దాకా పోదామా?" అన్నాను.

"నీ లాప్‌టాప్ ప్లగ్ తీస్తే పది నిమిషాలు ఆగుతుందా?"

నీళ్ల పైపు బిగిస్తున్న భాయ్ మా మాటలు విన్నాడు. మైదానం చూసుకునేది ఆయనే. యాభై దాటిన కడప మనిషి.

"ఇది రేకు డబ్బా అమ్మా. లోపలికి సిగ్నల్ యాడ్నుంచి వస్తాది? టవరు ఆ కొండ సందులో ఉండాది. ఫోను పైన పెట్టాల."

నిచ్చెన తెచ్చాడు. పైకప్పు కిటికీ తెరిచి, దాని పక్కనే ఫోన్ పెట్టి హాట్‌స్పాట్ వేశాం. మూడు గీతలు! అంతలోనే నెట్ నత్తనడక. చూస్తే పాప టాబ్‌లో బొమ్మలు ఆ నెట్‌తోనే ఆడుతున్నాయి. లాక్కుని కట్టేశాను. పాప ఏడవబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

ఇంటర్వ్యూ మొదలైంది. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగారు. బాగా వల్లె వేసిన జవాబే చెప్పాను. చెప్పడం ముగించాక చూస్తే తెర మీద మొహాలు కదలడం లేదు.

పైనుంచి భాయ్ గొంతు: "ఎండకి ఫోను కాలిపోతాంది సార్! అట్ట ముక్క ఇటియ్యి, యల్లా, తొందరగా!"

రెండు నిమిషాలు. నెట్ తిరిగి కలిశాక, "మీ జవాబు వినపడలేదు, మళ్లీ చెప్పండి" అన్నారు. వల్లె వేసింది ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"మా విభాగం మూసేశారు. తీసేయాల్సిన ఆరుగురి పేర్లు నేనే రాసిచ్చాను. ఏడో పేరు నాదని మర్నాడు తెలిసింది" అన్నాను.

అటువైపు వాళ్లు అది రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లారు. ఈసారి నెట్ పోలేదు.

బయటికొచ్చేసరికి భాయ్ ఇంకా నిచ్చెన మీదే, ఫోన్‌కి అట్ట నీడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"ఖలాసా అమ్మా?"

"ఖలాస్ భాయ్, అయిపోయింది, దిగండి."

ఆరో రోజు ఆఫర్ లెటర్ వచ్చింది. మా ఆయనకి చదివి వినిపిస్తూ సగంలో ఏడ్చేశాను. మిగతాది ఆయనే చదువుకున్నాడు.