గేదెకు రాసిన పేరు

అందరూ బతికున్నవాళ్లతో పోట్లాడతారు. జయప్రకాశ్‌కి వాళ్లు చాలరు. పోయినవాళ్లతో కూడా పోట్లాడతాడు. అనకాపల్లి బస్సుల్లో కండక్టరుగా అరిచిన గొంతు రిటైరయ్యాక ఊరుకోలేక గోడ మీది ఫొటోల వైపు తిరిగింది. ఫొటోలు మాటకు మాట చెప్పవు కాబట్టి వాటి తరఫు జవాబు కూడా తనే చెప్పుకుని, ఆ జవాబు మీద ఇంకా మండిపడేవాడు. భార్య రోజలిన్ చారుకి పోపు పెడుతూనే ఈరోజు తిట్లు ఎవరి వంతో గుర్తుపట్టేది.

రెండువేల ఆరులో వంతు రాయప్ప తాతది. నవంబరులో వచ్చే సమాధుల పండగలోపు పేరులేని సమాధులన్నీ చదును చేసేస్తామని శ్మశానం కమిటీవాళ్లు చెప్పారు. రాయప్పకి పేరు చెక్కిన రాయి ఉంది. పక్కనున్న నాయనమ్మది వట్టి మట్టిదిబ్బ. జయప్రకాశ్ తండ్రి పాలు మరవకముందే పోయిన ఆ మనిషి పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు. చావుపుట్టుకలు రాసే చర్చి పుస్తకాలు చెదలు తినేశాయి. మిగిలింది రాయప్ప జపాల పుస్తకం. దాని అట్ట లోపల ఆయన ఇంటి సంగతులు రాసుకునేవాడు.

జయప్రకాశ్ వాటిని బస్సంతా వినపడేంత గొంతుతో చదివాడు. "'ఇంటిదానికి జ్వరం. గేదె రత్తాలు ఈనింది.' తర్వాత సూడు. 'ఇంటిది పోయింది. పెద్ద వాన. రత్తాలు మేత ముట్టలేదు.' ఏటయ్యా రాయప్పా, గేదెకి పేరుంది, పెళ్లానికి నేదా? సిగ్గునేదా నీకు?"

ఫొటోని గోడకేసి తిప్పేశాడు. మొహం చూడకుండా తిట్టడం కుదరక మళ్లీ ఇటు తిప్పాడు. చీడికాడలో చుట్టాల దగ్గరికి పేరు అడగడానికి వెళ్లి, అది దొరక్క, వాళ్ల ఇంట్లో పోయినవాళ్లతో కూడా పోట్లాడి వచ్చాడు.

"ఒలే, అన్నమెట్టు," అన్నాడు గుమ్మంలోంచే.

రోజలిన్‌కి ఒళ్లు మండింది. "మీ తాతని అన్ని మాటలనీసేరు గదా, మరి నన్ను ఒక్కపాలైనా పేరెట్టి పిలిసేరా? ఎవులేనా అడిగితే మా ఇంటిదంటారు. రేపు నా దిబ్బ మీద ఏటని రాత్తారు?"

జయప్రకాశ్ అలవాటుగా ఫొటో వైపు తిరిగాడు. ఎదుటివాళ్ల జవాబు ఎదుటివాళ్లే చెప్పడం అతనికి అలవాటు తప్పిపోయింది.

కోపమొస్తే రోజలిన్ గిన్నెలు తోముతుంది. ఆరోజు కోపానికి వంటింట్లో గిన్నెలు చాలక, అటక మీది రాయప్ప కాలంనాటి ఇత్తడి గుండిగ దింపి చింతపండేసి రుద్దింది. చిలుము వదిలేసరికి అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. ఆడపిల్లకి సారెలో ఇచ్చే సామాను మీద పుట్టింటివాళ్లు పేరు కొట్టించి పంపడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. జన్మలో గిన్నె తోమనివాడికి ఆ సంగతి తట్టలేదు.

"అంతోనమ్మ, పూడిమడక," అని చదివింది రోజలిన్.

మర్నాడే ఇద్దరూ పూడిమడక వెళ్లారు. చేపలు ఎండబెడుతున్న ముసలామె చిన్నమ్మలు తల కూడా ఎత్తలేదు. "అంతోనమ్మా? మాయమ్మకి మేనత్త. అనకాపల్లి రాయప్పకిచ్చేరు. ఎండుసేపల తట్ట నెత్తినెట్టుకుని అనకాపల్లిలో అమ్మీదని మాయమ్మ సెప్పీది. ఆ డబ్బుల్తోనే గేదిని కొన్నాదట."

తిరుగు బస్సులో జయప్రకాశ్ రాయప్పని తిట్టని తిట్టు లేదు. "ఆవిడ కొన్న గేదిరా అది, రాయప్పా!" టిక్కెట్టు తీసుకోని ఆ రాయప్ప ఎవరో తెలీక కండక్టరు సీట్లన్నీ వెతికాడు.

అంతోనమ్మ దిబ్బ మీద పేరు చెక్కిన రాయి లేచింది. సమాధుల పండగనాడు రోజలిన్ దాని ముందు కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పెట్టింది. ఇంటికొచ్చి చూస్తే వంటిల్లు ఖాళీ. దొంగలు పడ్డారని ఆమె గుండెలు బాదుకోబోతుంటే, జయప్రకాశ్ గోనెసంచి మోసుకుంటూ వచ్చి అరుగు మీద కుమ్మరించాడు. గిన్నెలు, గరిటెలు, పట్టకారు, ఆఖరికి టీ వడకట్టేది కూడా. అన్నిటి మీదా చుక్కలు చుక్కలుగా ఒకటే పేరు: రోజలిన్.

"ఏటండీ ఇది? పట్టకారు మీద కూడానా?"

"మరేటి సెయ్యమన్నావు? నాను పోయేక మనవలు నా ఫొటోతో పోట్లాటెట్టుకుంటే జవాబు సెప్పడానికి నానుంటానా?" అని ఆమె మొహం చూడకుండా కసిరాడు. "ఒలే, టీ ఎట్టు."

రోజలిన్ కదల్లేదు. గరిటె తిప్పి, పేరున్న వైపు అతని కళ్లముందు పెట్టింది.

జయప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. రాబోయే స్టాపు పేరు చెప్పినట్టు, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు.

"రోజలిన్!"