మీరుగారి మర్యాద

మా డాక్టరుకి బతికున్నవాళ్ళంతా నువ్వు, చచ్చినవాళ్ళంతా మీరు. ఉన్న జబ్బల్లా అదొక్కటే. పైఅధికారి తనిఖీకి వచ్చినా, "ఏం, నువ్వు బాగా చిక్కావే?" అని పలకరించేవాడు. అదే బల్ల మీద చచ్చిన చేప ఉందనుకోండి, "ఏమండీ, కాస్త ఇటు తిరుగుతారా?" అంటూ రెండు చేతులతో తిప్పేవాడు. ఆఫీసులో అందరం చాటుగా ఆయన్ని మీరుగారు అనేవాళ్ళం.

ఆయన పశువైద్యుడు, నేను గుమాస్తాని. జలాశయం ఒడ్డున మూడు గదుల ఆఫీసు మాది. చచ్చిన పక్షుల్నీ చేపల్నీ కోసి చూసి, ఎందుకు చచ్చాయో పైకి రాసి పంపడం మా పని. ఆయన కోస్తూ చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. "వీరి కడుపులో ఏమీ లేదు. పాపం, భోంచేసి ఎన్నాళ్ళయిందో." నేను 'వీరి' తీసేసి 'దీని' అని దిద్దుకోవాలి. ఒకసారి పరధ్యానంలో 'డేగగారు ఉదయమే కాలం చేశారు' అని ఉన్నదున్నట్టు టైపు చేసి పంపేశాను. పది రోజులకి జవాబొచ్చింది. మృతులు ఏ హోదాలో పనిచేసేవారో, ఎన్నేళ్ళ సర్వీసో వెంటనే తెలుపవలెనట.

ఇంట్లోనూ ఇదే వరస. అత్తగారిని నువ్వు అనే అల్లుణ్ణి నేను ఆయన్నే చూశాను. ఆవిడకీ అలవాటైపోయింది. ఓసారి ఆవిడకి జ్వరమొస్తే చూడ్డానికెళ్ళి, ఏ కళనున్నాడో, "ఎలా ఉన్నారు?" అన్నాడట. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని కూతుళ్ళందరికీ కబురు పెట్టించింది. "మూడు రోజులు మమ్మల్ని ఒకటే అడగడమండీ, నేనింకా ఉన్నానా అని," అని ఆయన భార్య నాకు చెప్పి తెగ నవ్వింది.

ఆ వేసవిలో మాత్రం నవ్వడానికేమీ మిగల్లేదు. ముందు చేపలు తేలాయి. ఒడ్డు పొడుగునా తెల్లటి పొట్టలే. వారం తిరక్కుండానే అడవిబాతులు మెడలు వాల్చేసి బురదలో పడిపోవడం మొదలుపెట్టాయి. వాటిని పీక్కుతిన్న గద్దలు చెట్ల మీంచి రాలాయి. గోనెసంచుల్లో తెచ్చినవాటిని బల్ల మీదా, బల్ల కిందా, చివరికి ఫైళ్ళ బీరువా ముందు కూడా వరసగా పేర్చాం. ఆ కంపుకి నాకు అన్నం సయించేది కాదు. మీరుగారు మాత్రం సంచి విప్పినప్పుడల్లా, "రండి, రండి. ఇరుకులో చాలా అవస్థ పడ్డారు," అనేవాడు.

నింద కాపలాదారు మీద పడింది. జలాశయం నీళ్ళు వదిలే గేటు పక్కన ఒంటిగదిలో అతనూ భార్యా ఉండేవారు. ఒడ్డున ఏదో తెల్లపొడి చల్లుతుంటే చూశామని ఎవరో అన్నారు. చచ్చిన చేపల కంపు తగ్గుతుందని చల్లిన సున్నం అది. అతను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా ఎవరూ వినలేదు. గది ఖాళీ చెయ్యమన్నారు. రిపోర్టు రాగానే ఉద్యోగం తీసేసి పోలీసులకి అప్పగిస్తామన్నారు. అతని భార్యని కొళాయి దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆవిడ గిన్నెలన్నీ చెట్టు కింద పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్పొద్దూ, నేనూ అతన్ని అనుమానించాను.

మర్నాడు అతనే తుండుగుడ్డలో ఒక బాతుని పట్టుకొచ్చాడు. మెడ వేలాడిపోతోంది, ఊపిరి మాత్రం ఉంది. వెనకే పైఅధికారి వచ్చాడు.

"డాక్టరూ, విషప్రయోగమని రాసెయ్. సాయంత్రానికి నా బల్ల మీదుండాలి."

మీరుగారు ఆయన వైపు చూడలేదు. కాపలాదారుతో, "మీరు కూర్చోండి," అన్నాడు.

నా కలం ఆగిపోయింది. పదకొండేళ్ళుగా మాకు సంచులు మోసిన మనిషికి ఆ మాటకి అర్థం తెలియదా? అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బాబూ, నన్ను మీరంటున్నారు. నా పని అయిపోయినట్టేనా?"

"ముందు కూర్చోండి. ఆ బాతుని ఇలా ఇవ్వండి."

అతను కూర్చుని, ఎందుకైనా మంచిదని తన నాడి తాను పట్టుకుని చూసుకున్నాడు.

ఆ రోజు మీరుగారు పంతొమ్మిది బాతుల్ని కోశాడు. కోస్తూ చెప్పాడు: "గేటు ఎత్తి నీళ్ళు వదిలేశారు. మిగిలిన కాసిని నీళ్ళూ ఎండకి కాగి, చేపలు ఊపిరాడక పోయారు. ఆ కుళ్ళులో విషం పుట్టింది. అది పురుగుల్లో చేరింది. ఆ పురుగుల్ని తిని బాతులు పోయారు, బాతుల్ని తిని గద్దలు పోయారు. సున్నం ఒక్కరి కందనకాయలోనూ లేదు. రాశావా?"

"గేటు సంగతి ఇందులో ఎందుకయ్యా?" అన్నాడు పైఅధికారి.

"ఎత్తమన్నది నువ్వేగా."

"పోనీ, కారణం తెలియదని రాసెయ్. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"తెలియదని రాస్తే దగ్గర్లో ఉన్నవాడే కారణమైపోతాడు. గేటు పక్కన ఉంటున్నది ఈయన." మీరుగారు చేతులు కడుక్కున్నాడు. "తమకేం జరిగిందో చెప్పుకోలేనివాళ్ళని నేను మీరంటాను. వాళ్ళకి మనం చెయ్యగలిగిన మర్యాద అదొక్కటే. ఇవాళ ఈయన మాట వినేవాడు లేడు, అందుకని ఈయన్నీ అన్నాను. నువ్వు చెప్పుకోగలవు. వెళ్ళి చెప్పుకో."

నాకు సిగ్గేసింది. ఒక్క 'వీరు' కూడా దిద్దకుండా ఆ రిపోర్టుని నేరుగా పై ఆఫీసుకి పంపాను నేను.

చచ్చినవాటన్నిటినీ ఒకే గోతిలో పూడ్చాం. అన్ని బాతుల్లోనూ మిగిలింది తుండుగుడ్డలో వచ్చిన ఆ ఒక్కటే. దాన్ని నీళ్ళ తొట్టి పక్కన పడుకోబెట్టి, మెడ కింద చెయ్యిపెట్టి, గంటగంటకీ మంచినీళ్ళు చుక్కలు చుక్కలుగా పట్టాడు మీరుగారు. "కొంచెం మింగండి. ఇంకొక్క చుక్క." కాపలాదారు పక్కనే కూర్చుని తనూ ఒక గుటక మింగేవాడు.

నాలుగో రోజు పొద్దున్న పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మీరుగారు అవతలివాళ్ళు చెప్పిందంతా విని, "సరే, కాగితం పంపు," అని పెట్టేసి, నీళ్ళు పట్టడానికి కూర్చున్నాడు. బాతు మెడెత్తి ఆయన వేలు కొరికింది.

"ఏమే, నన్నే కొరుకుతావా నువ్వు?" అని, కాపలాదారు వైపు తిరిగాడు. "నిలబడి చూస్తావేం నువ్వు? తొట్టిలో నీళ్ళు మార్చు."

అతను తొట్టి ముట్టుకోలేదు. గుమ్మం దాటి చెట్టువైపు పరిగెత్తాడు.

"ఇదిగో, వింటున్నావా? నన్ను నువ్వన్నారే. గిన్నెలు లోపల పెట్టు."

ఉత్తర్వు కాగితం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికే ఆవిడ పొయ్యి వెలిగించేసింది.